అంకె పక్కన మనిషి

1819 జనవరి. లండన్‌లోని లడ్‌గేట్ హిల్ వీధిలో విలియం హోన్ అనే ప్రచురణకర్త దుకాణం ముందు జనం కిక్కిరిసిపోయారు. అందరి చూపూ అద్దంలో పెట్టిన ఒక కాగితం మీదే. దూరం నుంచి చూస్తే అది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోటు. దగ్గరికి వెళ్తే, ఉరికొయ్యకు వరసగా వేలాడుతున్న మనుషులు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. పౌను గుర్తును ఉరితాడు మెలికతో గీశారు. ఇంగ్లండు దేశమాతగా కొలిచే బ్రిటానియా తన బిడ్డనే నోట పెట్టుకుని తింటోంది. ఒక పక్క ఖైదీలను ద్వీపాంతరం మోసుకెళ్లే ఓడలు. బ్యాంకు అధికారి సంతకం ఉండాల్సిన చోట 'జె. కెచ్' అని ఉంది. జాక్ కెచ్ అంటే అక్కడ తలారికి వాడుక పేరు. కాగితం ధర ఒక షిల్లింగు. గీసినవాడు జార్జ్ క్రూక్‌షాంక్, వయసు 26.

ఆ కాగితం వెనక ఇరవై రెండేళ్ల కష్టకాలం ఉంది. ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తుండగా 1797లో బ్యాంకు దగ్గరి బంగారం కరిగిపోయింది. నోటు తెచ్చినవాళ్లకు బంగారం ఇవ్వనక్కర్లేదని పార్లమెంటు చట్టం చేసింది. నాణేల కొరత తీర్చడానికి ఒక పౌను, రెండు పౌన్ల నోట్లు దింపారు. అంతవరకు అయిదు పౌన్ల కంటే చిన్న నోటు లేదు. వ్యవసాయ కూలీకి ఒక్క పౌను అంటేనే వారం కూలి కంటే ఎక్కువ. అందుకే మామూలు జనం నోటు మొహం చూసే అవసరమే రాలేదు. ఇప్పుడు ఆ నోట్లు అక్షరం ముక్క రాని వాళ్ల చేతుల్లోకి వచ్చాయి. పైగా వాటి అచ్చు ఎంత సాదాగా ఉండేదంటే, రాగి రేకు మీద చెక్కడం వచ్చినవాడెవడైనా నకలు తీయగలిగేవాడు. దొంగనోటు తయారు చేసినా, తెలిసి మార్చినా శిక్ష ఒకటే, ఉరి.

బ్యాంకు నోటును మెరుగు చేసే పని వాయిదా వేసింది, కేసులు పెట్టే పని మాత్రం దగ్గరుండి చేయించింది. 1797 నుంచి 1821 దాకా దొంగనోట్ల నేరం కింద 300 మందికి పైగా ఉరికంబం ఎక్కారు. తయారుచేసినవాళ్లు దొరికింది తక్కువ. దొరికినవాళ్లలో ఎక్కువమంది నోటు మార్చినవాళ్లు. అంటే పేదవాళ్లు. యుద్ధం 1815లో ముగిసింది. సైన్యం నుంచి ఇంటికి పంపిన లక్షల మందికి పనుల్లేవు. భూస్వాముల ఆదాయం కాపాడటానికి విదేశీ ధాన్యాన్ని అడ్డుకునే చట్టం అదే ఏడాది తెచ్చి రొట్టె ధర దిగకుండా చూశారు. ఆకలితో ఉన్నవాడి చేతికి దొంగనోటు వస్తే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఒక ఉదయం న్యూగేట్ జైలు దారిలో వెళ్తూ, పౌను నోటు మార్చిన నేరానికి వేలాడుతున్న ఆడవాళ్లను చూశానని, ఇంటికి వెళ్లి కాసేపట్లోనే ఆ బొమ్మ గీసేశానని క్రూక్‌షాంక్ తర్వాత చెప్పాడు. హోన్ దాన్ని వెంటనే అచ్చేశాడు. హోన్ సామాన్యుడు కాదు. ప్రార్థనల వరసలో మంత్రులను ఎద్దేవా చేస్తూ రాసినందుకు 1817 డిసెంబరులో వరసగా మూడు రోజులు మూడు కేసుల్లో బోనెక్కి, తన కేసు తానే వాదించుకుని, మూడింటిలోనూ నిర్దోషిగా బయటపడినవాడు. ఆ నోటు బొమ్మ కోసం వచ్చిన జనాన్ని చెదరగొట్టడానికి నగర పాలకులు మనుషులను పంపాల్సి వచ్చింది. ఉరిశిక్షలు ఆగిపోవడానికి తన బొమ్మే కారణమని క్రూక్‌షాంక్ ముసలితనంలో చెప్పుకున్నాడు. అది అతిశయోక్తే. జ్యూరీలు అప్పటికే శిక్ష వేయడానికి వెనకాడుతున్నాయి. 1821లో బంగారం చెల్లింపులు మొదలై చిన్న నోట్లు పోయాయి. నోట్ల ఫోర్జరీకి ఉరి తీసేయడానికి 1832 దాకా ఆగాల్సి వచ్చింది. అయినా ఆ కాగితం చేసిన పని చిన్నది కాదు. బ్యాంకు దస్తావేజుల్లో కేసు నంబర్లుగా ఉన్నవాళ్లు మనుషులుగా జనం కంట పడింది ఆ బొమ్మలోనే.

కష్టకాలపు కార్టూన్ గురించి నేను చెప్పదలచుకున్నది ఇదే. ధర, వడ్డీ, లోటు, వృద్ధిరేటు, ద్రవ్యోల్బణం. ఆర్థిక సంక్షోభం మన ముందుకు ఎప్పుడూ అంకెల రూపంలోనే వస్తుంది. అంకెకు ఆకలి ఉండదు, కన్నీళ్లుండవు. ఆర్థికవేత్త వ్యాసం రాసినా, మంత్రి బడ్జెట్ చదివినా, పత్రిక పతాక శీర్షిక పెట్టినా అంకె అంకెగానే ఉంటుంది. ఆ అంకె పక్కన అది మింగిన మనిషిని, ఆ అంకెను తయారుచేసిన మనిషిని ఒకే చట్రంలో నిలబెట్టగలిగేది కార్టూన్ మాత్రమే. ఆ పని చేసిన కార్టూన్‌ను పాలకులు సహించరు. చేయని కార్టూన్‌ను చూసి వాళ్లూ మనతోపాటు నవ్వుతారు.

అమెరికాలో 1929 పతనం తర్వాత వేల బ్యాంకులు మూతపడ్డాయి. 1930 నుంచి 1933 దాకా లెక్క తొమ్మిది వేలు దాటింది. అప్పుడు షికాగో ట్రిబ్యూన్‌లో జాన్ మెకచ్చన్ ఒక బొమ్మ వేశాడు. పార్కు బెంచీ మీద చితికిపోయిన మనిషి కూర్చుని ఉంటాడు. బ్యాంకు మునిగి నష్టపోయినవాడని రాసి ఉంటుంది. ఎదురుగా ఒక ఉడత. మంచి రోజుల్లో నాలుగు డబ్బులు ఎందుకు దాచుకోలేదని ఉడత అడుగుతుంది. దాచుకున్నానని అతను జవాబిస్తాడు. అంతే. దానికి 1932లో పులిట్జర్ బహుమతి వచ్చింది. కష్టాల్లో పడ్డవాడికి పొదుపు లేదని, దుబారా చేశాడని లోకం వేసే నింద ఆ ఒక్క జవాబుతో కూలిపోతుంది. చెప్పినట్టే పొదుపు చేశాడు, చెప్పినచోటే దాచాడు, పోయింది. మన దేశంలో డిపాజిట్ల బీమా రావడానికి కూడా 1960లో కేరళలో పాలయ్ సెంట్రల్ బ్యాంకు మునగాల్సి వచ్చింది. సహకార బ్యాంకు మూతపడితే తెల్లారేసరికి షట్టరు ముందు పాస్‌బుక్కులు పట్టుకుని నిలబడే పింఛనుదారులను ఇప్పటికీ చూస్తున్నాం. ఆ బెంచీ మీది మనిషి వాళ్ల కుటుంబసభ్యుడే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఒక పెన్నీ బొమ్మ బ్రిటిష్ ప్రభుత్వాన్నే కుదిపేసింది. 1942 మార్చిలో డెయిలీ మిర్రర్‌లో ఫిలిప్ జెక్ గీశాడు. పెట్రోలు మోసుకొచ్చే ఓడను శత్రువులు ముంచేయగా, చీకటి సముద్రంలో చెక్క పట్టుకుని ఒక నావికుడు కొన ఊపిరితో ఉంటాడు. కింద వ్యాఖ్య: పెట్రోలు ధర ఒక పెన్నీ పెరిగినట్టు అధికారిక ప్రకటన. పెట్రోలు వృథా చేయకండి, దాని కోసం ప్రాణాలు పోతున్నాయి అని చెప్పడమే తన ఉద్దేశమని జెక్ అన్నాడు. చర్చిల్ మంత్రివర్గం మాత్రం నావికుల ప్రాణాలతో చమురు కంపెనీలు లాభాలు చేసుకుంటున్నాయని దాన్ని చదువుకుంది. పత్రికను మూసేస్తామని హోంమంత్రి హెర్బర్ట్ మోరిసన్ హెచ్చరించాడు. జెక్ పుట్టుపూర్వోత్తరాలు గూఢచారి విభాగం ఆరా తీసింది. పార్లమెంటులో చర్చ జరిగింది. యుద్ధ వ్యూహాన్ని తప్పుపట్టిన వ్యాసాల కంటే ఈ బొమ్మ ఎందుకంత గుచ్చుకుంది? ధర పెరగడం, మనిషి చావడం అంతవరకు రెండు వేర్వేరు వార్తలు. జెక్ వాటిని ఒకటి చేశాడు.

ఇదంతా పాతకాలపు పరదేశం ముచ్చట అనుకునేవాళ్లు తిరునల్వేలి దాకా రావాలి. 2017 అక్టోబరు 23న అక్కడి కలెక్టరాఫీసు ఆవరణలో ఒక కూలీ కుటుంబం ఒంటికి నిప్పంటించుకుంది. భార్యాభర్తలు, ఇద్దరు పసిబిడ్డలు. నలుగురూ చనిపోయారు. తెచ్చిన అప్పు లక్షన్నర లోపు. కట్టింది రెండు లక్షలకు పైగా. అయినా బాకీ తీరలేదని వడ్డీ వ్యాపారి వేధింపులు ఆగలేదు. సోమవారం అర్జీల రోజున మళ్లీ మళ్లీ కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకున్నా పట్టించుకున్న నాథుడు లేడు. అధిక వడ్డీలను నిషేధిస్తూ తమిళనాడులో 2003 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. చట్టం ఉంది, కార్యాలయం ఉంది, అర్జీ ఉంది. కుటుంబం మాత్రం లేదు.

కార్టూనిస్టు జి. బాల ఆ వారంలోనే ఒక బొమ్మ గీసి తన ఫేస్‌బుక్ పేజీలో పెట్టాడు. నేల మీద కాలుతున్న పసివాడు. ఎదురుగా ముఖ్యమంత్రి, కలెక్టర్, పోలీసు అధికారి. ముగ్గురి ఒంటి మీదా బట్టల్లేవు, నోట్ల కట్టలే అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఆ బొమ్మ చూసి నాకు కడుపులో దేవినట్టయింది. అలా అవ్వాలనే అతను గీశాడు. కలెక్టరు ఫిర్యాదు చేశారు. నవంబరు 5న తిరునల్వేలి పోలీసులు చెన్నై వెళ్లి బాలను ఇంటి దగ్గరే అరెస్టు చేశారు. పరువు నష్టం సెక్షను, ఐటీ చట్టంలో అసభ్య చిత్రాల సెక్షను పెట్టారు. మర్నాడు కోర్టు బెయిలు ఇచ్చింది. కేసు మాత్రం సంవత్సరాల తరబడి నడిచి, 2021లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం దాన్ని కొట్టేసింది.

బొమ్మ అసభ్యమా కాదా అని అప్పుడు టీవీల్లో వాదించుకున్నారు. వడ్డీ కోసం పసిపిల్లలు కాలిపోవడం అసభ్యమా కాదా అన్న చర్చకు అంత సమయం దొరకలేదు. వడ్డీ వ్యాపారి మీద పెట్టుకున్న అర్జీ కలెక్టరాఫీసు గుమ్మం దాటలేదు. కార్టూనిస్టు మీద పెట్టిన ఫిర్యాదు మాత్రం ఆరు వందల కిలోమీటర్ల దూరంలోని చెన్నైకి చేరి మనిషిని పట్టుకొచ్చింది. ఆ ప్రభుత్వం దేనికి ప్రాధాన్యమిచ్చిందో ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తెలుగువాళ్లకు ఇది పక్కింటి గొడవ కాదు. మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడికి పల్లెల్లో ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటే 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ బాగోతం బయటపడింది. అప్పు తీర్చలేని ఆడవాళ్లను ఏ స్థితికి దిగజార్చారో ఆ రోజుల్లో పత్రికలు తిరగేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు లోన్‌యాప్‌లు ఫోనులోని ఫొటోలు మార్ఫింగ్ చేసి బంధువులకు పంపిస్తున్నాయి. ఇన్ని జరిగాయి కదా, తెలుగు పాఠకుడి మనసులో ఇవాళ్టికీ నిలిచిపోయిన కార్టూన్ వీటి మీద ఎన్ని ఉన్నాయి? కళ్లు మూసుకుని గుర్తు చేసుకోండి. ఉల్లిపాయల మీద మాత్రం బోలెడు గుర్తొస్తాయి.

ఉల్లి కార్టూన్ అంటే తెలిసిందే. ధర పెరిగిన ప్రతిసారీ ఉల్లిపాయ బ్యాంకు లాకరులోకి వెళ్తుంది, పెళ్లికూతురి మెడలో హారమవుతుంది, దొంగ బీరువాలో నగలు వదిలేసి ఉల్లిబుట్ట ఎత్తుకుపోతాడు. టమాటా వంతు వచ్చినప్పుడు టమాటా, పెట్రోలు వంతు వచ్చినప్పుడు పెట్రోలు. నవ్వొస్తుంది, కాదనను. కానీ ఆ బొమ్మలో దోషి ఎవరు? ఎవరూ లేరు. ధర వానలాగా పైనుంచి పడినట్టు ఉంటుంది. కర్నూలు యార్డులో రైతుకు దక్కిన రేటుకూ, హైదరాబాదులో గృహిణి కట్టిన రేటుకూ మధ్య ఎవరున్నారో ఆ బొమ్మ చెప్పదు. నిజానికి ఉల్లిధర ఈ దేశంలో ప్రభుత్వాలను మార్చింది. 1998 నవంబరులో ఢిల్లీలో అధికార పార్టీ ఓడిపోవడానికి ఉల్లి ఒక పెద్ద కారణం. అంత రాజకీయం ఉన్న సరుకును నగల జోకుగా మార్చి వదిలేయడం కార్టూన్ చేతకానితనమే అని నా గట్టి అభిప్రాయం.

అయితే మనిషిని చూపించినంత మాత్రాన సరిపోదు. తప్పు మనిషిని చూపించడం ఇంకా ప్రమాదం. 1923లో జర్మనీలో ద్రవ్యోల్బణం మితిమీరి, ఆ నవంబరు నాటికి ఒక డాలరుకు నాలుగు లక్షల కోట్ల మార్కులు దాటాయి. జీవితకాలపు పొదుపు రొట్టెముక్కకు చాలలేదు. అదే ఏడాది న్యూరెంబర్గ్‌లో యూలియస్ ష్ట్రైషర్ 'డెర్ ష్ట్యూర్మర్' పత్రిక మొదలుపెట్టాడు. ఫిప్స్ పేరుతో ఫిలిప్ రుప్రెష్ట్ దానికి ఏళ్ల తరబడి బొమ్మలు గీశాడు. జనం కష్టాలన్నిటికీ యూదుడే కారణమని, వంకర ముక్కు, లావు పొట్ట, చేతిలో డబ్బు సంచి పెట్టి వారం వారం నూరిపోశాడు. ఆ గీతలు లక్షల మంది మనసులను హత్యకు సిద్ధం చేశాయి. పత్రిక నడిపిన ష్ట్రైషర్‌ను 1946లో న్యూరెంబర్గ్ తీర్పు తర్వాత ఉరి తీశారు. కోపంతో రగులుతున్న జనానికి బలహీనుణ్ని చూపించి కొట్టమనడం కష్టకాలంలో కార్టూనిస్టు చేయగలిగిన అతి పెద్ద నేరం.

మన దగ్గర ఆ స్థాయి విషం లేదు. కానీ ఉచిత పథకాల మీద వస్తున్న బొమ్మలు చూస్తే నాకు బాధగా ఉంటుంది. అరుగు మీద కాలు మీద కాలేసుకుని బీడీ తాగుతున్న పేదవాడు, వాడి ఒళ్లో పడుతున్న నోట్లు, బరువు మోయలేక వంగిపోయిన పన్ను చెల్లింపుదారు. పథకాల లెక్కలను ప్రశ్నించాల్సిందే, ఓట్ల కోసం ఖజానా ఖాళీ చేసేవాళ్లను గీయాల్సిందే. కానీ గీత మంత్రి మీద పడాల్సింది పింఛను తీసుకునే ముసలమ్మ మీద పడుతోంది. 2014-15 నుంచి 2023-24 దాకా పదేళ్లలో బ్యాంకులు రూ.16 లక్షల కోట్లకు పైగా రుణాలను ఖాతా పుస్తకాల నుంచి తీసేశాయని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. అది మాఫీ కాదని, వసూలు ప్రయత్నం సాగుతుందని కూడా చెప్పింది. సరే. అరుగు మీది మనిషిని గీసినన్నిసార్లు ఆ ఎగవేతదారుణ్ని ఎందుకు గీయలేదు అన్నదే నా ప్రశ్న.

పేదరికాన్ని చూసి నవ్వడం వేరు, పేదరికంలో నుంచి నవ్వడం వేరు. రెండోది మన నేలకు బాగా తెలుసు. తెలంగాణ పల్లెల్లో పిట్టలదొర వచ్చేవాడు. లత్కోర్ సాబ్ అని, తుపాకి రాముడని కూడా పిలిచేవాళ్లు. ఒంటి మీద మాసిన ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. దొరగారి ఠీవితో నడివీధిలో నిలబడి తనకున్న వేల ఎకరాలు, మేడలు, గుర్రాలు ఏకరువు పెట్టేవాడు. ఊరందరికీ లక్షలు రాసిస్తానని హామీలు గుప్పించి, చివరికి పిడికెడు గింజలు అడిగేవాడు. గడీల కాలంలో ఒక సంచారజాతి బిచ్చగాడు దొర వేషం కట్టి దొరతనాన్ని నడిబజారులో అలా ఎండగట్టాడంటే ఎంత గుండె ఉండాలి! ఎన్నికల మేనిఫెస్టోలు చదివినప్పుడల్లా నాకు ఆ కట్టె తుపాకి కనిపిస్తుంది. ఇటు అచ్చులో ముళ్లపూడి వెంకటరమణ 'ఋణానందలహరి'లో అప్పారావును సృష్టించాడు. పనిలేని చదువుకున్న కుర్రాడు అప్పు చేయడాన్ని ఒక విద్యగా మార్చుకోవడం నవ్వుకునే కథే. ఉద్యోగాల్లేని ఆ తరం బతుకు దానిలో పూర్తిగా ఉంది. రమణ అప్పారావును వెక్కిరించలేదు. ప్రేమించాడు. ఉచితాల మీద గీసేవాళ్లు నేర్చుకోవాల్సింది ఆ చూపు.

కార్టూన్ అవసరం పెరిగే రోజుల్లోనే కార్టూనిస్టు ఉద్యోగం పోవడం ఇంకో విషాదం. ప్రకటనలు తగ్గగానే పత్రిక యాజమాన్యం కత్తెర పట్టుకుంటుంది. మొదట కనిపించేది బొమ్మలు గీసేవాడి జీతం. 2019లో న్యూయార్క్ టైమ్స్ తన అంతర్జాతీయ సంచికలో రాజకీయ కార్టూన్లు వేయడమే మానేసింది. ఒక వివాదం సాకు అయింది. అమెరికాలో మెక్‌క్లాచీ గ్రూపు 2020లో దివాలా తీసి హెడ్జ్ ఫండ్ చేతికి వెళ్లింది. 2023 జూలైలో ఒకే రోజు ముగ్గురు కార్టూనిస్టులను ఆ గ్రూపు ఇంటికి పంపింది. ముగ్గురూ పులిట్జర్ విజేతలే. మన దగ్గర కోవిడ్ కాలంలో పత్రికలు పేజీలు తగ్గించాయి, మనుషులను తగ్గించాయి. అంతకంటే పెద్ద బెడద ఇంకొకటుంది. ప్రకటనల్లో పెద్ద భాగం ప్రభుత్వాలవే అయినప్పుడు, కార్టూన్ అచ్చు కాకుండా ఆపడానికి పోలీసులు అక్కర్లేదు. రేపటి ఫుల్ పేజీ ప్రకటన చాలు.

తెలుగు పత్రికకు ఇది కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. తలిశెట్టి రామారావు వేసిన బాటలో ఎంతమంది నడిచారు! మోహన్ ఎన్నికల రోజుల్లో గీసిన బొమ్మలు గోడలెక్కాయి. ఈనాడులో శ్రీధర్ 'ఇదీ సంగతి' చూశాకే మిగతా పేపరు చదివిన ఇళ్లు ఎన్నో. శేఖర్ క్యాన్సర్‌తో పోరాడుతూ కూడా కుంచె వదలకుండా 2014లో కన్నుమూశాడు. అదే ఏడాది శంకర్ గీసిన మండేలా చిత్రానికి వరల్డ్ ప్రెస్ కార్టూన్ అత్యున్నత బహుమతి దక్కింది. చేయి తిరిగినవాళ్లకు కొదవ లేదు. లేనిది వాళ్ల వెనక నిలబడే యాజమాన్యం. ఇప్పుడు కొత్తగా గీస్తున్న కుర్రాళ్లు చాలామంది జీతం లేకుండా, వెనక పత్రిక లేకుండా, ఫోను తెర మీద గీసి వదులుతున్నారు. బాల మీద కేసు పడినప్పుడు కోర్టు మెట్లు ఎక్కింది అతనొక్కడే. రేపు మనవాడి పరిస్థితీ అదే.

అందుకే పత్రికల యజమానులకు, సంపాదకులకు ఒక విన్నపం. మొదటి పేజీలో కార్టూన్ చోటును ప్రకటనకు అమ్మకండి. కార్టూనిస్టుకు నెలజీతం ఇవ్వండి. వారానికి ఒక రోజైనా ఆఫీసు గది దాటించి యార్డుకు, కలెక్టరాఫీసు అర్జీల క్యూకు, మూతపడిన బ్యాంకు గుమ్మం ముందుకు పంపండి. అతను గీసుకొచ్చిన దాని మీద కేసు పడితే, మీ వకీలును మొదటి వాయిదాకే పంపండి.